డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి భద్రాచలం వద్ద అడవుల నడుమ ప్రవహించి, పాపికొండల ఇరుకు లోయను దాటి, రాజమహేంద్రవరం చేరువలో మైదానంలోకి అడుగుపెడుతుంది. అక్కడినుంచి పాయలుగా చీలి, వరిపొలాలను తడుపుతూ సముద్రంలో కలుస్తుంది. భద్రాచలం 1959 నుంచి 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. పంతొమ్మిదవ శతాబ్ది చివరి రోజుల్లో మాత్రం ఎగువనున్న ఆ అటవీ ప్రాంతమూ, దిగువనున్న భీమవరం తాలూకా కూడా మద్రాసు రాజధానిలోని ఒకే గోదావరి జిల్లాకు చెందినవి. ఎగువన మన్యపు జ్వరాలు, దిగువన బోదకాలు, అంతటా రక్తహీనత ప్రజలను పీడించేవి. ఈ వ్యాధులకు కారణాలు తెలియవు. తెలిసినవాటికి మందులు లేవు. శరీరంలో ఏది లోపించిందో, ఎంత లోపించిందో తేల్చి చెప్పగల కొలత ఏదీ వైద్యుని చేతిలో ఉండేది కాదు. ఆ జిల్లాలోనే, భీమవరంలో, 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు.

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మ. పెద్ద కుటుంబం, చిన్న సంపాదన. అనారోగ్యం వల్ల జగన్నాథం ముందుగానే ఉద్యోగ విరమణ చేయవలసి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. బాలుడైన సుబ్బారావుకు చదువుమీద కంటె సంపాదనమీదే మనసు పోయింది. పదమూడవ ఏట ఇల్లు విడిచి, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని బయలుదేరారు. ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనక్కు తీసుకొని వచ్చారు. తండ్రి మరణానంతరం తల్లి తన నగలు అమ్మి కుమారుని చదువు నిలబెట్టింది. రాజమహేంద్రవరంలో కొంత చదివి, మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణులయ్యారు. పరీక్షల్లో తప్పినవారిని పనికిరానివారుగా జమకట్టే అలవాటు మన సమాజంలో నేటికీ ఉన్నది. ఆనాడు మరింత ఉండేది. వెంకమ్మ మాత్రం ఆ లెక్కను అంగీకరించలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో సుబ్బారావు రామకృష్ణ మఠం వైపు ఆకర్షితులయ్యారు. సన్యసించాలని కోరుకున్నారు. మఠంలోని పెద్దలు ఆయనకు వైద్యవిద్య చదివి రోగులకు సేవచేయమని సలహా ఇచ్చారు. అట్లా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు కావలసిన ధనసహాయం కస్తూరి సూర్యనారాయణమూర్తి చేశారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహం జరిగింది.

అది గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమోగుతున్న సమయం. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు సైతం ఖద్దరు దుస్తులతో హాజరయ్యేవారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. పరీక్షలన్నీ పూర్తిచేసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యసేవలో చేరే దారి దీనితో మూసుకొనిపోయింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఆయన సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో కొద్దికాలం తేడాతో మరణించారు. తిన్న అన్నం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి రోజురోజుకూ ఎండిపోయే వ్యాధి అది. సుబ్బారావుకు కూడా అదే వ్యాధి సోకింది. పాశ్చాత్య వైద్యం చదివిన ఆయనను ఆ వైద్యం బాగుచేయలేకపోయింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. తరువాత లక్ష్మీపతి నిర్వహించే ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్ర బోధకులుగా కొంతకాలం పనిచేశారు. తనను బతికించిన ఔషధాలలో ఏ పదార్థం పనిచేసిందో తెలుసుకోవాలన్న కోరిక అక్కడ బలపడింది. మందు పనిచేసిందని తెలియడం వేరు, అందులో ఏది ఎంత మోతాదులో పనిచేసిందో తెలియడం వేరు. రెండవదాని కోసమే ఆయన సముద్రం దాటారు.

మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన విరాళంతోనూ ప్రయాణం కుదిరింది. 1922 అక్టోబరు 26వ తేదీన ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాఖలో చేరి డిప్లొమా పొందారు. ఆయన పట్టం అక్కడ వైద్యవృత్తికి చాలలేదు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రంచేసే పని చేశారు. స్వదేశంలో పుట్టిన బిడ్డను ఆయన కళ్ళారా చూడనేలేదు. ఆ పసివాడు పసితనంలోనే మరణించాడు.

పగలు మాత్రం ఆయన హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన సాగించారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని చూడడానికి చాలా చిన్నది. రక్తంలోనూ, మూత్రంలోనూ, కండరంలోనూ ఉండే భాస్వరాన్ని కొలవడానికి నమ్మదగిన పద్ధతి కనుగొనాలి.

జీవులు తమ శరీరంలో తయారుచేసుకొనే పదార్థాలు సాధారణంగా అతి స్వల్ప పరిమాణాల్లో ఉంటాయి. సముద్రపు నాచుమొక్కలు గంధకంతో కొన్ని సమ్మేళనాలను తయారుచేస్తాయి. తీరాన ముక్కుకు తగిలే వాసనలో వాటి పాలు కూడా ఉన్నది. నేటి పరిశోధకులు వాటిని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంలోకి పంపి, లీటరు సముద్రజలంలో గ్రాములో కోటవ వంతు కంటె తక్కువగా ఉన్నా లెక్కకట్టగలుగుతున్నారు. 1920 ప్రాంతాల్లో అటువంటి యంత్రాలు లేవు. రసాయన శాస్త్రవేత్తకున్న ఆధారం రంగు ఒక్కటే. కనబడని పదార్థాన్ని ఏదో ఒక రసాయనంతో కలిపి రంగు పుట్టించి, ఆ రంగు ఎంత చిక్కగా ఉన్నదో చూసి పదార్థం ఎంత ఉన్నదో చెప్పాలి.

భాస్వరానికి అటువంటి పద్ధతులు అంతకుముందే లేకపోలేదు. కాని వాటిలో రంగు త్వరగా వెలిసిపోయేది, లేదా రక్తంలోని ఇతర పదార్థాల వల్ల లెక్క తప్పేది. ఫిస్క్, సుబ్బారావులు రూపొందించిన విధానం ఇట్లా సాగుతుంది. మొదట రక్తానికి ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం కలిపితే మాంసకృత్తులు పెరుగులాగా విరిగి అడుగుకు చేరుతాయి. వాటిని వడపోసి, తేట ద్రవాన్ని తీసుకొని, గంధకామ్లంలో కలిపిన మాలిబ్డేట్ లవణాన్ని చేర్చుతారు. ద్రవంలోని ఫాస్ఫేట్ మాలిబ్డేటుతో కలిసి ఒక సంక్లిష్ట సమ్మేళనంగా మారుతుంది. దానికి ఒక క్షయకరణిని చేర్చగానే నీలిరంగు పుడుతుంది. ఇక్కడే వారి కొత్తదనం ఉన్నది. వారు ఎంచుకున్న క్షయకరణి అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం. అది స్వయంగా గంధక సమ్మేళనమే. గాలి తగిలి పాడైపోకుండా దానిని కాపాడడానికి సోడియం సల్ఫైట్, సోడియం బైసల్ఫైట్ అనే మరి రెండు గంధక సమ్మేళనాలను తోడుచేశారు. ఈ కలయికతో నీలిరంగు కొద్ది నిమిషాల్లోనే నిండుగా వచ్చేది. ఇతర పదార్థాల బెడదా తగ్గింది.

ఇక మిగిలింది రంగును పోల్చడం. వర్ణమాపకంలో రెండు గాజుపాత్రలు పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో తెలిసిన భాస్వరం గల ప్రమాణ ద్రావణం, రెండవదానిలో పరీక్షించవలసిన ద్రావణం. పైనున్న కంటి గొట్టంలోంచి చూస్తే ఒక వృత్తంలో సగం ఒక ద్రావణపు రంగు, సగం మరొక ద్రావణపు రంగు కనిపిస్తుంది. రెండు సగాలూ ఒకే రంగుగా కలిసిపోయే వరకు ద్రావణాల లోతును పైకీ కిందికీ సవరించాలి. ఆ లోతుల నిష్పత్తిని బట్టి భాస్వరం పరిమాణం తేలుతుంది. 1925లో ఈ పద్ధతి జీవరసాయన శాస్త్ర పత్రికలో ప్రచురితమైంది. ఎముకల వ్యాధులను, మూత్రపిండాల వ్యాధులను గుర్తించడానికి వైద్యులకూ, మొక్కలనుంచి సూక్ష్మజీవుల వరకు అన్నిటి కణాలనూ పరీక్షించడానికి పరిశోధకులకూ అది నిత్యావసరమైంది.

సుబ్బారావు మేధ అసలు బయటపడింది ఆ పద్ధతిని కండరం మీద ప్రయోగించినప్పుడు. రక్తంతో చేసినప్పుడు నీలిరంగు నిర్ణీత సమయానికి పూర్తిగా వచ్చి నిలిచిపోయేది. కండరం నుంచి తీసిన ద్రవంతో చేసినప్పుడు అట్లా నిలవలేదు. నిమిషాలు గడిచేకొద్దీ ఇంకా ఇంకా చిక్కబడుతూ వచ్చింది. ఇటువంటి తేడా వచ్చినప్పుడు పాత్ర సరిగా కడగలేదనో, రసాయనం పాతదనో సరిపెట్టుకొని ముందుకు సాగేవారే ఎక్కువ. వీరు అట్లా చేయలేదు. రంగు ఆలస్యంగా వస్తున్నదంటే భాస్వరం ఆలస్యంగా విడుదల అవుతున్నదని అర్థం. అంటే కండరంలోని భాస్వరం అంతా విడిగా లేదు. ఆమ్లం తగలగానే మెల్లగా విడిపోయే ఏదో పెళుసు సమ్మేళనంలో బంధితమై ఉన్నది. అంతవరకు శాస్త్రజ్ఞులు కండరంలో విడిగా ఉన్నదని లెక్కించిన ఫాస్ఫేటులో అధికభాగం నిజానికి ఈ సమ్మేళనమే.

ఆ సమ్మేళనాన్ని వేరుచేసి చూడగా అందులో క్రియాటిన్, ఫాస్ఫారిక్ ఆమ్లం సమాన నిష్పత్తిలో ఉన్నట్లు తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే అది తరిగిపోయింది. విశ్రాంతి ఇస్తే తిరిగి పెరిగింది. 1927లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అదే కాలంలో ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా కండరంలో ఇటువంటి పదార్థం ఉన్నదని గమనించారు.

దీని ప్రాధాన్యం తెలియాలంటే అప్పటి సిద్ధాంతాన్ని గుర్తుచేసుకోవాలి. గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర సంకోచానికి మూలమని అప్పట్లో నమ్మేవారు. కండరాలపై పరిశోధనలకు గాను హిల్, మైయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. నీలిరంగు ఆలస్యం ఆ నమ్మకం కింది నేలను కదిలించింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే కండరం సంకోచించగలదనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందనీ నిరూపించడంతో పాత సిద్ధాంతం పడిపోయింది. ఈలోగా, 1929లో, ఫిస్క్, సుబ్బారావులు కండరం నుంచి మరొక భాస్వర సమ్మేళనాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నారు. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ఏటీపీ అనే పొట్టిపేరుతో జీవశాస్త్ర విద్యార్థులు ప్రతి పాఠంలోనూ కలుసుకొనే పదార్థం అదే. గడ్డిపోచ మొదలు ఏనుగు వరకు సమస్త జీవకణాలూ శక్తిని వినియోగించుకొనేది దాని ద్వారానే.

1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టం లభించింది. హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి మాత్రం లభించలేదు. తన పనిని గురించి తాను చెప్పుకొనే స్వభావం ఆయనకు లేదు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఆనాడు వెలుగు చూడక, ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని తెలియజేశారు. వినయం గొప్ప గుణమే. కాని ఇటువంటిచోట దాని మూల్యం శాస్త్రమే చెల్లించవలసి వస్తుంది.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్దనున్న లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. కొద్దికాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన వెంటబడిన పదార్థానికి మన దేశంతో సంబంధం ఉన్నది. 1928 తరువాతి సంవత్సరాల్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత రావడాన్ని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు పరిశీలించారు. ఈస్టు నుంచి తీసిన ఆహారం పెడితే వారు కోలుకున్నారు. అందులో ఏదో ఉన్నది, ఏదో తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర జాతి ఆకుల నుంచి ఒక పదార్థాన్ని తీసి, లాటిన్ భాషలో ఆకును తెలిపే పదంతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. కాలేయంలోనూ అటువంటి పదార్థమే ఉన్నది.

దానిని కొలవడానికి ఇప్పుడు రంగు పనికిరాదు. లెడర్లీ పరిశోధకులు ఒక బాక్టీరియాను కొలబద్దగా చేసుకున్నారు. పులిసిన పాలలో పెరిగే లాక్టోబాసిల్లస్ జాతికి చెందిన ఆ బాక్టీరియాకు ఫోలిక్ ఆమ్లం లేనిదే ఎదుగుదల లేదు. కాలేయపు సారాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్నీ బాక్టీరియాకు మేతగా వేసి, ఏ పరీక్షనాళికలో అది బాగా పెరిగిందో చూసేవారు. పెరుగుదల ఎంతో, పదార్థం అంత. టన్నుల కొద్దీ కాలేయం నుంచి పిసరంత స్ఫటికం చేతికందేది. స్టాక్‌స్టాడ్, హచింగ్స్, ఆంగియర్ మొదలైన సహచరులతో కలిసి సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే దానిని స్ప్రూ రోగులపై ప్రయోగించగా రక్తం వృద్ధిచెందింది, ఆకలి తిరిగి వచ్చింది. సోదరులిద్దరూ పోయి అప్పటికి పాతికేళ్ళు కావస్తున్నది.

నేడు మన దేశంలో గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రల్లో ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి భాగం. కౌమార వయస్కులకు పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. భద్రాచలం అడవి అంచున ఉన్న కోయ, కొండరెడ్డి గూడేలకు ఆ మాత్రలు చేరవేసే ఆరోగ్య కార్యకర్తలకు దాని వెనుక భీమవరంలో పుట్టిన వ్యక్తి ఉన్నట్లు తెలిసే అవకాశం తక్కువ. మాత్రల పొట్లం మీద పేర్లు రాయరు కదా!

ఫోలిక్ ఆమ్లం నుంచి మరొక దారి చీలింది. బోస్టన్‌లో పిల్లల వైద్యులు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరుతో బాధపడే పసివారిని చూస్తున్నారు. ఆ వ్యాధిలో తెల్లకణాలు అదుపు తప్పి పెరుగుతాయి. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి కనుక, దానివలె కనిపించి దాని పనిని అడ్డుకొనే పదార్థం ఇస్తే పెరుగుదల ఆగవచ్చు. సుబ్బారావు బృందం అమైనోప్టెరిన్‌ను తయారుచేసి పంపింది. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించింది. 1948 జూన్‌లో ఆ వివరాలు ప్రచురించారు. ఆ మెరుగుదల తాత్కాలికమే. పిల్లలు ఎక్కువకాలం బతకలేదు. అయినా రక్త క్యాన్సరును మందుతో వెనక్కు నెట్టవచ్చునని లోకానికి తెలిసింది అప్పుడే. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సరుకూ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

బోదకాలు వ్యాధిని కలిగించే పురుగుల మీద పనిచేసే హెట్రజాన్ 1947లో అక్కడినుంచే వెలువడింది. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజిన్. 2004 నుంచి మన దేశంలో సామూహికంగా పంపిణీచేసిన బోదకాలు నివారణ మాత్ర అదే. వృద్ధుడైన వృక్షశాస్త్రవేత్త డగ్గర్‌ను పిలిచి సుబ్బారావు మట్టి నమూనాలలోని సూక్ష్మజీవులను వెదికించారు; మిస్సోరి రాష్ట్రపు పొలం మట్టిలో దొరికిన బంగారు ఛాయ గల సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది ఆద్యం. 1948లో దానిని ప్రకటించారు.

ఆ ఏడాదే ఆగస్టు నెలలో ఒక రాత్రి సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53 సంవత్సరాలు. అమెరికా పౌరసత్వం పొందే అవకాశం 1946లో భారతీయులకు కలిగినా ఆయన దానిని స్వీకరించలేదు. స్వదేశానికి తిరిగి రానూలేదు. పరిశోధన ముగించుకొని వస్తారని శేషగిరి దాదాపు 26 సంవత్సరాలు ఎదురుచూశారు. ఆయన జీవితాన్ని గురించి రాసేవారు మందుల జాబితాను విపులంగా రాసి, ఈ ఇల్లాలి నిరీక్షణను ఒక వాక్యంతో దాటవేస్తారు. ఆ మందుల లెక్కలో ఆమె చెల్లించినది కూడా చేరవలసి ఉన్నది.

ఆయన మరణానంతరం ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది. 1925 నాటి పరిశోధన పత్రాన్ని ప్రపంచ పరిశోధకులు వేలసార్లు తమ పత్రాలలో పేర్కొన్నారు. భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచే ఆ విధానం జీవరసాయన ప్రయోగ పుస్తకాలలో ఇప్పటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే కనిపిస్తుంది.